ఒక్క గల్లీకి నీళ్లు బంద్

ఇరవై రెండేండ్ల నుంచి వారాసిగూడల వాల్వులు తిప్పుతున్న.
ఏ మూత కింద ఏ పైపున్నదో
నిద్రల లేపి అడిగినా చెప్త.
ఆఫీసుల ఉన్న నక్ష సగం తప్పు,
అసలుది నా మోకాళ్లల్ల ఉన్నది.

డాక్టర్ వకుళమ్మ కంప్యూటర్ తెర నా దిక్కు తిప్పింది.
చంద్రకళ తలకాయ లోపలి లైన్లు,
నల్లగ, సన్నగ, పాయలు పాయలుగ.
ఎడమ కణత పైన నిమ్మకాయంత గడ్డ.
"ఈ నాళం నుంచి రక్తం లాక్కుంటోంది" అన్నది.
"మా తాన దీన్ని దొంగ కనెక్షన్ అంటం మేడం" అన్న.
ఆమె నవ్వలేదు.
కొంచెం సేపయినంక నవ్వింది.

తొడ కాడ చిన్న రంధ్రం,
అక్కడికెల్లి గుండె పక్కపొంటి, మెడ దాటి
దారమంత గొట్టం తల దాక పోతదట.
ఇసుక కన్నా సన్నటి పూసలు ఇడుస్తదట.
గల్లీ బంద్.
రెండ్రోజులాగి పుర్రె తెరిస్తే
గడ్డ వాడిపోయి ఉంటది, నెత్తురు తక్కువ పోతది.
ఇదంత నాకు సమజైంది.
తవ్వే ముందు లైన్ బంద్ చేసుడు
నాకొకరు నేర్పే పని లేదు.

సమజ్ కానిది సంతకం.

నాలుగు పేజీలు. ఆమె ఏదీ దాచలేదు.
పూసలు పక్క గల్లీలకు పోవచ్చు.
చూపు పోవచ్చు. మాట పోవచ్చు. మూతి వంకర పోవచ్చు.
"ఎంతమందికి?"
"ఇలాంటి గడ్డలకు వందలో నలుగురైదుగురికి ఏదో ఒకటి. చాలావరకు తగ్గిపోయేవే."
"చెయ్యకుంటే?"
"చేయకుండా కోసినా బాగున్నవాళ్లున్నారు.
మా పెద్దసారైతే అవసరమే లేదంటారు.
ఈమె గడ్డకు రక్తం మరీ ఎక్కువ, అందుకే అడుగుతున్నా.
నాది నమ్మకం. గ్యారంటీ కాదు."

ఒకపారి పార్సీగుట్ట కింద
రెండు లైన్లు భూమిల కలిసిన సంగతి తెల్వక
ఒక వాల్వ్ గట్టిగ బిగించిన.
అవుతల, కాన్పుల దవాఖానల నల్లాలు ఎండినయి.
ఆయమ్మలు బకెట్లు పట్టుకొని రోడ్డు మీదికొచ్చిన్రట.
పొద్దుగూకేదాక నాకు తెల్వదు.
ఆ రాత్రి అన్నం ముందల కూసొని చంద్రకళకు చెప్పిన.
ఇంకెవ్వరికి చెప్పలే.

పెన్ను పట్టుకొని కూసున్న.
మంచం మీదికెల్లి ఆమెనే అన్నది:
"పెట్టు. నువ్వు తిప్పేటప్పుడు
ఎవల సంతకం తీసుకున్నవ్?"

మూడు గంటలు. బయట బల్ల మీద
నీళ్ల ట్యాంకర్ నడిపే జహంగీర్ నా పక్కనున్నడు,
రక్తమిచ్చిన చేతికి దూది ఒత్తుకుంట.

తెల్లారి చాయ్ తాగుతుంటే
ఎడమ మూతికెల్లి కారింది.
ఆమెకు తెల్వలే. నేను కొంగుతోని తుడిచిన.
కన్ను మూసుకోమన్నరు, సగమే మూసుకున్నది.
వకుళమ్మ చానాసేపు టార్చి కొట్టి చూసింది,
"ఆ నలుగురైదుగురిలో" అని ఆగిపోయింది.

ఆపరేషన్ మాత్రం వాళ్లనుకున్నట్టే అయింది.
రెండు బాటిళ్లు పెట్టుకుంటే ఒకటే పట్టింది.
"మిగిలింది నాదేనా?" అన్నడు జహంగీర్.
నాకేం తెలుసు.

ఇప్పటికి ఏడు నెలలు.
గడ్డ లేదు. ఫిట్సు లేవు.
చీరలకు ఫాల్స్ కుడుతున్నది,
దారం కుడి పండ్లతోనే కొరుకుతది.
మూతి సర్దుకున్నది, నవ్వితే తప్ప తెల్వదు.
డిశ్చార్జి కాగితం మీద "ఫలితం సంతృప్తికరం" అని ఉన్నది.
అబద్ధం కాదది.

పొద్దుగాల నాలుగింటికి నేను లేస్తే
నిద్రల ఉన్న ఆమె ఎడమ కన్ను
సందు తెరుచుకొని నా దిక్కే ఉంటది.
తాళపుచెవి రాడ్ భుజాన ఏసుకొని పోత.

ఇప్పుడొక అలవాటైంది.
వాల్వ్ బిగించినంక
పక్క గల్లీ చివరిదాక నడిచిపోయి
ఎవలదో ఒక గేటు కొట్టి
నల్లా ఇప్పి చూడమంట.
తిడతరు. ఇంత చీకట్ల ఏం పనంటరు.
నీళ్ల చప్పుడు ఇనేదాక
అక్కడనే నిలవడత.