పద్నాలుగో వరుస

సోహార్ రేవులో మూడో అంతస్తు.
కిటికీ అద్దం మీద ఉప్పు పొర.
దాని వెనక వంతు కోసం ఓడలు
రేషన్ షాపు ముందు పెట్టిపోయిన సంచుల్లా.

నా పని భయాలకు నంబర్లు వెయ్యడం.
జరిగే అవకాశం ఎంత, జరిగితే నష్టం ఎంత,
రెండూ గుణించి ఆ గడికి
పసుపో ఎరుపో పూయడం.

ఓడల వంతులు చూసే సాఫ్ట్‌వేర్‌ని
విశాఖలో, మధురవాడలో
పదకొండు మంది రాస్తున్నారు.

ఒకటో వరుస: సముద్రం అడుగున తీగ తెగడం.
నాలుగు: తుఫాను. అది రెండు ఒడ్లకీ చుట్టమే.
ఏడు: సెలవులు కలవకపోవడం.
శుక్రవారం వాళ్ళు పిలిస్తే ఇక్కడ జుమ్మా,
ఆదివారం నేను పిలిస్తే అక్కడ కుక్కర్ ఈల,
ఈల ఆగాక, "ఆఁ, చెప్పండి మేడమ్."

పద్నాలుగో వరుసకి పేరు దొరక్క
నెల రోజులు ఖాళీగా వదిలేశాను.

బుధవారం బుధవారం యూనిస్ అల్ బలూషీ అడుగుతాడు,
ఆటుపోట్ల లెక్క ఎప్పటికి?
నేను పైడిరాజుని అడుగుతాను.
"అయిపోతుంది మేడమ్."
నేను ఇంగ్లీషులో చెప్తాను,
ఆయన పైవాళ్ళకి అరబ్బీలో చెప్తాడు.
మూడో భాషకి చేరేసరికి ఆ మాట
తారీఖై గోడ మీది క్యాలెండర్లో కూర్చుంది.

వాళ్ళకి తెలియదు సరే,
నాకు తెలియొద్దూ?
పని అయిపోతుంది. గ్యాస్ అయిపోతుంది.
మా మామయ్య ఐ.సి.యు. బయట
నర్సు కూడా అదే మాట అంది.

బియ్యం లేవని అనకూడదు,
నిండుకున్నాయనాలి.
దీపం ఆరిందనకూడదు, కొండెక్కిందనాలి.
అలా పెరిగాం పైడిరాజూ నేనూ,
లేదు అనే మాటని గడప దాటనివ్వకుండా.
మర్యాదకి ఎన్ని మార్కులు వెయ్యాలి?
ఏ రంగు?

ఈ గురువారం ఎప్పటికి అని అడగలేదు.
"పైడిరాజూ, అక్కడ ఏం నిండుకుంది?"

ఫ్యాను తిరుగుతున్న చప్పుడు.
ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు.
"అది రాసినాయన మేలో మానేశాడు మేడమ్.
ఏ కాగితమూ పెట్టలేదు.
నేను ఊహించి రాస్తన్నాను."

నీటి లోతుని ఊహించి.
ఆ లోతు నమ్మి లోపలికి రాబోయే ఓడ
కిటికీలోంచి నాకు కనిపిస్తూనే ఉంది.

పద్నాలుగో వరుసలో తెలుగులోనే రాశాను:
అయిపోతుంది.
పక్క గడికి ఎరుపు.
ఇదేం లిపి, అన్నాడు యూనిస్.
చెప్పాను. ఆయన నవ్వలేదు.
ఎన్ని వారాలు కావాలి అన్నాడు.
ఆరు.
పెన్ను మూత నోటితో లాగి
గోడ మీది తారీఖుని తనే కొట్టేశాడు.

ఆ రాత్రి మెసేజ్.
"రేపటికి అవదు మేడమ్."

రెండుసార్లు చదివి
ఫోను బల్ల మీద బోర్లించి
చల్లారిన టీ తాగేశాను.