ఖాళీ బరువు

చీమకుర్తి దాటాక క్వారీ రోడ్డు మలుపులో
నేను కూర్చునే కాటా గది.
పదేళ్లుగా లారీల్ని తూస్తున్నాను,
రాయెక్కక ముందు ఒకసారి, ఎక్కాక ఒకసారి.
రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే మిగిలేదే రాయి.
చీటీ చించి కిటికీలోంచి ఇస్తాను.
లెక్క తేలికే, లారీలకైతే.

ఇంట్లో తూకం మిషను నూట ముప్ఫై దాకే.
నేనెక్కితే అంకె బదులు రెండు గీతలు.
పోయిన కార్తీకంలో ఓ రాత్రి, బండ్లు లేని వేళ
చెప్పులు విప్పి ఇనప పలక మీదికి నడిచాను.
అరవై టన్నుల కాటా, పదుల్లోనే చూపిస్తుంది.
బయటి బోర్డు మీద ఎర్రగా వెలిగింది: 140.
నేను మనిషినని దానికి తెలియదు.
అందుకే దాని మీద కోపం రాలేదు.

నెల్లూరు, పొగతోట.
డాక్టరమ్మ కాగితం మీద సంచి బొమ్మేసి
నిలువునా ఒక గీత గీసింది.
"ఇటుపక్కది తీసేస్తాం. అరటికాయంత మిగులుద్ది."
నాకు వైరు రంపం గుర్తొచ్చింది.
కొండని కోసేదీ అట్టాగే,
నీళ్లు పోస్తూ, తొందర లేకుండా.
అంతకు ముందు రెండు వారాలు
పల్చటి మజ్జిగ, వడకట్టిన పప్పుకట్టు.
ఆ పద్నాలుగు రోజులూ పక్కింటి పోపు
గోడ దూకొచ్చి
మస్తానమ్మా అని పేరు పెట్టి పిలిచేది.

మత్తు దిగాక నేనడిగిన మొదటి మాట:
"తీసింది యాడ పెట్టారు?"
నర్సు నవ్వింది. "దాంతో నీకేం పనమ్మా?"
పనేం లేదు.
ముప్ఫై తొమ్మిదేళ్లు నాతో తిన్నది.
ఆయన పోయిన ఏడు, రాత్రుళ్లు
చద్దన్నంలో మాగాయ కలుపుకుని
లైటు వెయ్యకుండా నిలబడి తింటుంటే
నాతోపాటు మేలుకున్నది అదొక్కటే.
ఓ మాట చెప్పి పంపాల్సింది.

తర్వాత, దగ్గుమందు మూతతో నీళ్లు.
మూతకి పావుగంట.
ఒక గుక్క ఎక్కువైతే
రొమ్ము నడుమ క్రేను రాయి దించేది.
గాలి భుజంలోకెక్కి పొడుస్తుంటే
వరండాలో అటూ ఇటూ నడిచాం,
నేనూ, కందుకూరు వెంగమ్మ టీచరూ.
ఐదో మలుపులో ఆమె ఆగి అడిగింది:
"అమ్మే, ఆకలే లేకపోతే
పొద్దు ఎట్టా పోద్దే?"
ఇప్పటికీ జవాబు దొరకలేదు.

మూడో నెల, దువ్వెన నిండా జుట్టు.
అమ్మ ఉంగరానికి దారం చుట్టాను, మళ్లీ చుట్టాను.
ఖాజాబీ జాకెట్టు తిరగేసి చూసి
"ఇంకెన్ని కుట్లు లోపలికెయ్యను అక్కా,
గుడ్డ కంటే దారమే ఎక్కువైంది" అంది.
ఒంగోల్లో పెళ్లికి పోతే
విస్తట్లో చెంచాడు పప్పన్నం, సగం గుడ్డు.
అప్పుడు తింటుంటే చూసేవాళ్లు,
ఇప్పుడు తినకపోతే చూస్తున్నారు.
"కాటా వంగిపోద్దక్కా" అని ఇకిలించిన డ్రైవరే
కిటికీలోకి వంగి, గొంతు తగ్గించి,
"ఏం జబ్బక్కా, సుగరా?" అన్నాడు.
చీటీ ఇచ్చాను.

పొట్ట మీద చర్మం మడతలు పడి వేలాడుతుంది.
దానికింకా కబురు అందలేదు పాపం,
పాత కొలతల్లోనే నాకోసం ఎదురు చూస్తుంది.
ఐదు గాట్లు మాత్రం మానాయి.
స్నానం చేసేప్పుడు వెలుతురు పడితే
మా నల్లరాయిలో బంగారు చుక్కల్లా
కొంచెం మెరుస్తాయి. కొంచెమే.

ఆషాఢం. గాలికి రాతిపొడి రేగే రాత్రి
మళ్లీ చెప్పులు విప్పాను.
90.
నిండు బరువులోంచి ఖాళీ బరువు తీసేస్తే యాభై.
చీటీలో ఆ యాభైకి ఎదురుగా సరుకు పేరు రాయాలి.
రాయి అని రాద్దామా? రాత్రుళ్లు అని రాద్దామా?
కలం పట్టుకోనే లేదు,
వెనక హెడ్‌లైట్లు, హారను.

ఉండు నాయనా, దిగుతున్నా.
ఇప్పుడు అంత బరువేం లేను గానీ
మెల్లిగా దిగడమే అలవాటు.