దారిబత్తెం

డులూత్‌లో మార్చి అంటే వసంతం కాదు,
సరస్సింకా రాయిలా పడుకునే ఉంటుంది.
ఊరి లైబ్రరీ మూడో అంతస్తులో
హీటరు దగ్గుతున్న గదిలో ముగ్గురం:
హెగ్సెత్, ఇంట్లో కూడా టోపీ తియ్యడంటారు,
బూద్రో, లూసియానా మనిషి, చలిని బూతులు తిడుతూ,
నేను.

బల్ల మీద తొంభై ఆరు అర్జీలు,
సంచిలో ముప్ఫై ఎనిమిది వేల డాలర్లు.
లిస్బన్ మహాసభకి పోయి రావడానికి
మనిషికి పంతొమ్మిది వందలు.
భాగించింది బూద్రో. ఇరవై. శేషం సున్నా, అంది.
శేషం డెబ్బై ఆరుగురు, అన్నాను.

అనంతాల మీద పేపర్లు రాసేవాళ్ళు
ఇక్కడ మాత్రం
రైలు దిగి ఎక్కే బస్సుకి
పదకొండు డాలర్ల యాభై సెంట్లు అని రాస్తారు.
యాభై కింద గీత కూడా గీస్తారు.

పోకటెల్లో నుంచి లేలండ్ స్కాగ్స్.
వయసు డెబ్బై ఒకటి. సంస్థ: లేదు.
హోటలు గడి కొట్టేసి పక్కన రాశాడు:
విమానాశ్రయంలో కుర్చీలుంటాయి కదా.
ముడుల మీద ఆయన పని.
అర్జీకి తాడుముక్క ఒకటి పిన్ను చేశాడు.
హెగ్సెత్ దాన్ని విప్పబోయి
కాఫీ చల్లారేదాకా విప్పబోయి
"అవును" గడిలో టిక్కు పెట్టాడు.

పన్నెండేళ్ళ కింద నాకూ వచ్చింది ఆ ఉత్తరం.
చింతిస్తున్నాం, అని నాకు నేను తెలుగులో చదువుకున్నాను.
మన మాటలో ఇంకా ఆలోచిస్తున్నాం అనే అర్థం కూడా ఉంది,
వాళ్ళ మాటలో ఆ సందు లేదు.
ఆ ఏడు నా పేపరు
నా పేరు పలకలేని ఎవరో చదివారట.
బాగానే చదివారట.

అరవై రెండో అర్జీ. లాస్ క్రూసెస్.
యెసేనియా అర్మీహో.
పాలు తాగే పిల్ల ఉంది, సీటక్కర్లేదు, ఒళ్ళో ఉంటుంది,
విమానం వాళ్ళు టికెట్లో పదో వంతు అడుగుతున్నారు,
నూట పద్దెనిమిది.
నియమావళి ఏడో పేజీ: కుటుంబ సభ్యుల ఖర్చు ఇవ్వబడదు.
హెగ్సెత్ రెండుసార్లు చదివాడు,
మూడోసారికి వాక్యం మారుతుందేమో అన్నట్టు.

తొమ్మిదో పేజీ తిప్పింది బూద్రో.
ఉపన్యాసానికి తప్పనిసరైన అదనపు సామాను,
రెండు వందల వరకు.
చార్టుల కోసం రాసిన మాట అది.
పిల్ల రాకపోతే తల్లి రాదు.
తల్లి రాకపోతే ఉపన్యాసం లేదు.
కాబట్టి.
నా ఇన్నేళ్ళ చదువులో
ఇంత పొట్టి రుజువు చూళ్ళేదు.
హెగ్సెత్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.
నెత్తి మీద జుట్టు బాగానే ఉంది.

ఆ నూట పద్దెనిమిదీ
స్కాగ్స్ కొట్టేసిన హోటలు గడిలోంచి తీశాం.
మిగిలిన ఆరు వందల రెండూ ఆయన మంచానికేనని
మినిట్సులో రాశాం.
అడగనిది ఇవ్వకూడదని ఏ పేజీలోనైనా ఉందేమో
ఎవ్వరం వెతకలేదు.

మిగతా ఉత్తరాలు నేనే రాశాను.
చింతిస్తున్నాం, డెబ్బై ఆరు సార్లు.
నలభయ్యో కవరు దగ్గర
జిగురు నాలుక మీద చేదెక్కింది.
పోస్టుడబ్బా మూతకి మంచు పట్టి తెరుచుకోలేదు,
గుద్దితే తెరుచుకుంది.

సెప్టెంబరులో రసీదులు వచ్చాయి.
లాస్ క్రూసెస్ కవర్లో
అదనపు సామాను: ఒకటి.
బరువు: ఏడు కిలోల రెండు వందల గ్రాములు.
వ్యాఖ్య: రెండో సిద్ధాంతం దగ్గర నిద్రపోయింది,
సభలో ఇంకో ఇద్దరు కూడా.

పోకటెల్లో కవర్లో హోటలు రసీదు లేదు.
ఆరు వందల రెండు డాలర్ల చెక్కుంది,
కుర్చీ బాగానే ఉంది, అన్న చీటీ ఉంది,
ఇంకో తాడుముక్క ఉంది, కొత్త ముడితో.

వెనక్కొచ్చిన డబ్బుకి మా పట్టికలో గడి లేదు.
హెగ్సెత్‌కి ఫోన్ చేసి చెప్పాను.
చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత ముడి ఎలా ఉందని అడిగాడు.