వాసన లేదు

స్టైపెండు ఇంకా పడలేదు. రెండో నెల.
పడినా అందరికీ ఒకటే అంకె,
గుండె కోసేవాడికీ, గోరుచుట్టు కోసేవాడికీ.
"ఈ సమానత్వం మూడేండ్లే అబ్బా" అంటాడు ధనుంజయ,
ఎక్స్‌రేల చీకటిగదిలోంచి లేచొచ్చి
పెద్దాసుపత్రి గేటు బయట, మునిరత్నం టీబంకు కాడ
కళ్లు చికిలించుకుంటా.

మందుల కంపెనీవాళ్లిచ్చిన పెన్ను,
సిగరెట్టు పెట్టె చించిన అట్ట.
మూడేండ్ల తర్వాత ఎవురికెంతో వేస్తాండాడు.
రేడియాలజీకి నెలకింత.
స్కిన్నుకింత, లేజరు మిషను కొంటే ఇంతకింత,
రాత్రి డ్యూటీలు సున్నా.
"మొటిమకు అర్ధరాత్రి ప్రాణం మీదికి రాదు గదమ్మే హిమజా."
మత్తు డాక్టరుకు కేసుకింత, నిద్ర పోగొట్టుకున్నందుకు వేరే.
పిల్లల డాక్టరు మస్తాన్‌వలీ దగ్గర పెన్ను ఆగింది.
"నీ ఓపీలో వందమంది ఏడిస్తే గానీ
హిమజ ఒక పెండ్లికూతురితో సంపాదించేది రాదు లే."
వలీ టీలో బన్ను ముంచుకుంటాండాడు.
పైన గాజుపెట్టెలో తొమ్మిదివందల గ్రాముల పాప.
నిన్నటికి ఇరవై గ్రాములు పెరిగింది.
ఈ రాత్రికి వాడికొచ్చిన లెక్క అదొక్కటే.

నా కాడికి వచ్చేసరికి అట్టలో చోటు అయిపోయింది.
"నీకేముంది, ఫోరెన్సిక్కు.
నీ పేషెంట్లు రెండోసారి రారు,
ఇంకొకరికి నీ పేరు చెప్పరు,
బోర్డు కడతానంటే కొర్లగుంటలో ఇల్లు బాడుగకియ్యరు."
అందరం నవ్వినాం. నేనే కొంచెం ఎక్కువ నవ్వినా.
ర్యాంకు రెండొందలు ముందుకొచ్చుంటే
నేనూ ఆ చీకటిగదిలోనే ఉందును.
సీటు వచ్చిన పొద్దు మా చిన్నాయన
"ఇదేం కోర్సు పాపా, కోర్టుకు పొయ్యే కోర్సా" అనడిగినాడు.
అవును చిన్నాయనా, అదే.

నాలుగున్నర.
కొండ దిగిన బస్సొకటి పోయింది,
కిటికీకొక గంధం గుండు.
మార్చురీ మెట్ల మీద ఎవరో ఒకామె.
రెడ్డెమ్మంట. పుత్తూరు పక్కన పల్లె.
మామిడి లోడు మీద నిద్రపోయిన మొగుడు
మలుపులో లోడుతో పాటు కిందపడి నాలుగు దినాలు.
మండీలో కట్టించిన బీమా ఒకటుంది.
"తాగుంటే రాదంట గదా తల్లీ.
ఊళ్లో అందరూ తాగే ఉంటాడంటాండారు.
తాగేటోడే. కాదనను.
ఆ పొద్దు మాత్రం తాగలా."

కాగితం పోలీసులకే పోవాల.
చదివి వినిపించే రూలు లేదు,
వద్దనే రూలు ఆ పొద్దు గుర్తుకు రాలా.
సొరుగు తీసి చదివినా:
కడుపులో సగం అరిగిన రాగిసంగటి,
చెనిక్కాయల ఊరిబిండి,
నమలని మిరపకాయ తునక.
మద్యం వాసన: లేదు.
రెండుసార్లు ముక్కు దగ్గర పెట్టుకుని
రాసిన రెండక్షరాలు.

ఆమె "లేదు" దాకా రాలేదు.
మిరపకాయ కాడే ఆగిపోయింది.
"ఊరిబిండి కారమెక్కువైందని
తిట్టుకుంటా పోయినాడు" అనింది.
శానాసేపు ఏం మాట్లాడలే.
మళ్లీ చదివించుకుంది, ఈసారి చివరి దాకా.

కొంగుముడి విప్పబోతే వద్దన్నా.
"మీకెంతొస్తాది తల్లీ జీతం?"
ఇంకా పడలేదన్నా.
"మాయప్పకూ అంతే. మండీవోళ్లు రెండు వారాల కూలి బాకీ."

బంకు కాడ ఎవరూ లేరు.
ధనుంజయను క్యాజువాల్టీ పిలిచినట్టుంది,
అట్ట గ్లాసు కింద తడిసి
లేజరు మిషను సున్నాలు పక్కకు పాకినాయి.
మునిరత్నం ఖాతా పుస్తకంలో
నాకొక పేజీ ఉంది: శవాల డాక్టరమ్మ.
ఈ దినం ఒకటి అని రాసుండేదాన్ని
రెండుగా దిద్దినాడు.
రెడ్డెమ్మ ఊదుకుంటా ఒక గుక్క తాగి
"చక్కెర తక్కువేసినావు న్నా" అనింది.