ఉల్లిగడ్డ పాట

మనామాల, జుఫైర్ గల్లీల,
మూడో అంతస్తు హోటల్ వంటింట్ల
నా చేతులు ఎప్పుడు నీళ్లల్లనే.
పాట నాకు తలుపంతనే వస్తది.
వెయిటర్ ట్రే పట్టుకొని భుజంతోటి తోస్తే
ఒక చరణం ముక్క.
తలుపు ఊగి మూసుకుంటే
మళ్ల గిన్నెల చప్పుడు.
రెండేండ్లల్ల ఒక్క పాటన్న
మొదటికెంచి కడదాక విన్నోణ్ని కాదు.

గురువారం రాత్రి హాలంత ఫిలిప్పీనోలే.
సెలూన్ల జుట్టు కత్తిరించే పిల్లలు, నర్సమ్మలు,
ఓడల రేవుల వెల్డింగు చేసేటోళ్లు,
ఇంటిపనికెంచి ఒక్క పూట సెలవు దొరికినోళ్లు.
స్టేజి మీద ఐదుగురు.
మారివిక్ పాడుతది, మెరుపుల గౌను,
కాళ్లకు మాత్రం రబ్బరు చెప్పులు.
హాలుకు స్పీకర్ అడ్డం. నాకు కనవడ్తయి.
పదిన్నరకు ఎవలో ఒకలు చీటీ పంపుతరు.
ఎప్పుడు అదే పాట.
హాలు హాలే లేచి అందుకుంటది,
మారివిక్ మైకు దించి ఊకుంటది.

ఉలాన్, ఉలాన్ అని వినవడేది.
మూడు నెలలు నేను
ఉల్లిగడ్డ పాట అనుకున్న.
పక్కపొంటి బస్తా ముందటేసుకొని కోసే
నేపాల్ ధన్‌బీర్ కండ్లు తుడుసుకుంటుంటే
మంచిగనే కట్టిండ్రు పాట, అనుకున్న.

కీబోర్డు వాయించే ఎలిసెయో
నడిమిట్ల పావుగంట ఎన్కకొస్తడు.
అన్నం, ఎండుచేప, వెనిగర్ల నానిన మిరపకాయ.
పళ్లెం నా దిక్కు జరిపి
కాఇన్, అంటడు. తినుమని.
ఉలాన్ అంటే వాన అని చెప్పింది ఆయినే,
స్టీలు బల్ల మీద పది వేళ్లు రాల్చి.
వాన పాట!
ఈ దేశంల ఏడాదికి నాలుగొద్దులు పడితే గొప్ప.

ఆ పాట నాదే, అన్నడు ఒకనాడు,
ఉప్పు అందియ్యి అన్నట్టే అన్నడు.
ఇరవై ఆరేండ్ల కింద, ఇలోయిలోల,
రేకుల కప్పు కింద, కరెంటు పోయిన రాత్రి.
తమ్ముని ఆపరేషన్‌కు పైసలు తక్కువ పడితే
క్యాసెట్ కంపెనీకి ఇచ్చిండట.
ఒక కాయితం, ఒక సంతకం.
ఎవలో అందగాడు పాడిండు,
వాని పేరు మీదనే దీవి దీవికి పాకింది.
మరి తమ్ముడు? అన్న.
ఆటో నడుపుతడు, అదే పాట పెట్టుకొని.
ముల్లు తీసి పక్కకు పెట్టుకుంట నవ్విండు.

నాకు లసుమవ్వ చిన్నమ్మ యాదికొచ్చింది.
మెట్‌పల్లిల చాట ఒడిల పెట్టుకొని
తునికాకు చుట్టుకుంట పాటలు కట్టేది.
ఇప్పుడు కోరుట్ల దాక పెండ్లిండ్లల్ల
ఎన్కటి పాట అని పాడుకుంటరు.
ఓ పెండ్లిల ఆమెకే తప్పు దిద్దిండ్రు.
గట్ల కాదు పెద్దమ్మా, గిట్ల అని.
ఆమె గిట్లనే పాడింది.
వెయ్యి బీడీలు చుట్టినా
కట్ట మీద ఉండేది కంపెనీ బొమ్మనే.

మొన్న మాఘంల నిజంగనే పడ్డది వాన.
రోడ్లు నిండి కార్లు తేలినయి,
హాలుకు ఒక్క పురుగు రాలే.
మేనేజర్ లెక్కలు మూసి పోయిండు.
ఎలిసెయో వచ్చి బియ్యం బస్తా గుంజి
తలుపుకు అడ్డం పెట్టిండు.
పోయి కూసున్నడు. మొదలుపెట్టిండు.
ధన్‌బీర్ కత్తి ఆగింది.
నేను పంపు కట్టేసిన.

నడిమిట్ల ఒకకాడ మారివిక్ ఆగిపోయింది.
ఆ చరణం ఆమెకు తెల్వదు.
క్యాసెట్‌ల లేదట, పొడుగైందని కోసేసిండ్రట.
ముసలి గొంతు ఒక్కటే పోయింది దాని ఎంట,
గీసుకుంట, రెండుకాడ్ల తప్పుకుంట.
అర్థం నేను అడుగలే.
ఆయిన చెప్పలే.
చేతుల సబ్బు ఎండి తెల్లగ పొరలు కట్టింది.

మళ్ల గురువారం. మళ్ల చీటీ.
హాలు లేచింది, తలుపు ఊగింది,
కోసేసిన చోటు దాటి అందరు ముందటికి పోయిండ్రు,
కీబోర్డు ఒక్క గడియ ఎన్కవడ్డది.
నా చేతుల ప్లేటు జారి పగిలింది,
జీతంల కోస్తరు, కొయ్యనియ్యి.
తలుపు మూసుకున్నది.
మిగిలింది నాకొచ్చు.