కర్త

మంగళవారం ఆరింటికి, వార్డో రేవులో,
చేపల గిడ్డంగి మీది గదిలో తొమ్మిది కుర్చీలు.
మాడిన కాఫీ. తడి బూట్ల కింద వార్తాపత్రికలు.
డిసెంబరు. సూర్యుడు రానని చెప్పేసిన నెల.

"మాటా మాటా పెరిగింది," అంటాడు టోర్గైర్.
"తర్వాత?"
"చెయ్యి లేచింది."
"ఎవరి చెయ్యి?"
"నాదే."
"అదే లేచిందా, మీరు లేపారా?"
ఎవరో నవ్వుతారు. గున్వోర్ నవ్వదు.
ముప్పై ఏళ్లు బడిలో వ్యాకరణం చెప్పిన మనిషి,
వాక్యం ఇంటికి వెళ్లేదాకా వదలదు.

తలుపు తగిలింది. గ్లాసు పగిలింది.
కోపం వచ్చింది, ఏదో చుట్టం వచ్చినట్టు.
గోడ నిండా వాక్యాలు రాసింది ఆమె,
ఒక్కదానికీ కర్త లేడు.
"వీటిలో మీరెక్కడున్నారో వెతకండి,"
అని సుద్దముక్క బల్లమీద పెట్టి కూర్చుంది.

నాలుగో వారం ఒడ్లైఫ్ రాలేదు.
ఐదో వారం కుర్చీ తీసేశారు.

తొమ్మిదో వారం టోర్గైర్ లేచి,
వలలు లాగి కాయకట్టిన చేతులు ఎక్కడ పెట్టాలో తెలీక
జేబుల్లో పెట్టి, మళ్లీ తీసి,
"నేను సిన్నోవె గొంతు పట్టుకున్నాను," అన్నాడు.
నాలుగు మాటలు. తొమ్మిది వారాలు.
ఎవరూ చప్పట్లు కొట్టలేదు.
గున్వోర్ తేదీ వేసుకుంది, అంతే.

ఇదంతా నేను కాగితాల్లో చదివిందే.
ఆ గది నేను చూడలేదు.
నా పని కిర్కెనెస్‌లో, ఒక ఫోను, ఒక పెన్సిలు.
ఆయన మారాడా అని ఆయన్ని అడగం.
ఏడాది ఆగి ఆమెను అడుగుతాం.

మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే:
ఇప్పుడు మాట్లాడొచ్చా?
పక్కన ఎవరైనా ఉంటే
"ఈ వారం చేపలు వద్దండీ" అనాలని ఒప్పందం.
సిన్నోవె అనలేదు.

తోశాడా? సున్నా.
వస్తువులు విసిరాడా? సున్నా.
డబ్బు ఇవ్వకుండా ఆపాడా?
"మార్చిలో ఒకసారి." ఒకటి.
పద్దెనిమిదోది: భయం వేస్తుందా?
అవతల కెటిల్ కూత పెట్టి ఆగేదాకా మాట లేదు.

"కోపమొస్తే మంచులోకి వెళ్లిపోతాడు.
అరగంటకు తిరిగొస్తాడు.
గుమ్మం దగ్గర బూట్లు దులిపే చప్పుడు వింటాను.
నెమ్మదిగా దులిపితే అన్నం పెడతాను.
ఏడాదిగా నెమ్మదిగానే దులుపుతున్నాడు.
ఏడాదిగా వింటూనే ఉన్నాను."

దీనికి నా కాగితంలో గడి లేదు.
అంచున పెన్సిల్‌తో "బూట్లు" అని రాశాను.

మరో నంబరు మోగనే లేదు,
ఒడ్లైఫ్ భార్యది.
పట్టికలో ఆమె పేరు పక్కన
"సమాచారం లేదు" అని వస్తుంది.
ఇది కూడా కర్తలేని వాక్యమే.
నేనే రాశాను.

వసంతంలో నివేదిక వచ్చింది.
ప్రభావం ఉంది, స్వల్పం, అని తేల్చారు పెద్దలు.
స్వల్పం అంటే ఎంత ఉంటుందో
నేను చేత్తో చూపించలేను.
ఒక వంటిల్లు అంత ఉండొచ్చు.
గుమ్మం దగ్గర అరనిమిషం అంత.

"వచ్చే ఏడు మళ్లీ చేస్తారా?" అని అడిగింది సిన్నోవె.
నిధులు అయిపోయాయి, అన్నాను.
"అయిపోయాయా," అంది,
"ఎవరు అవజేశారు?"