సున్నం పెళ్ల

నిన్న రాత్రి వరిగడ్డి లారీ ఒకటి
కమాను కుడిభుజం గీరుకుంటా పోయింది.
పొద్దున్నే నేనొచ్చేసరికి
కారందోశల బండి కింద ఈ పెళ్ల,
అరచెయ్యంత.
అంటిన చట్నీ తుడిచి ఇచ్చింది మాబున్నీ:
"మీ తాతల ఆస్తి. తీస్కపో."

ఆస్తే.
అంచు ఎండకు పట్టి చూస్తే పొరలు పొరలు,
ఎర్రగడ్డ అడ్డంగా కోసినట్టు.

అడుగున గానుగ సున్నం,
బెల్లం నీళ్లూ కరక్కాయ రసమూ తాగిన తెలుపు.
ఏ నవాబు కాలమో, ఎవరో సర్దారు
యాడనో గెలిచొస్తన్నాడని ముందే కట్టిన వాకిలి.
ఊరి పేరే గడప కదా,
ఇంకో వాకిలి ఎందుకని ఎవరూ అడగలేదు.
కట్టడం అయ్యేసరికి ఆయన ఓడిపోయినాడంట.
మాపటేళ, ముసుగేసుకొని,
వంక దారిన ఇల్లు చేరినాడంట.
కమాను కింద మొదట నడిచింది
కూలి అడగను పోయిన బేల్దార్లు.
ముట్టిందో లేదో
పెళ్లలో లేదు.

దాని మీద ఈ వెంట్రుకంత నలుపు
కరువులో గంజి కాచిన పొయ్యిల మసి.
ఎవరూ గెలవని ఏడు.
సున్నం కొట్టలేదు.

ఆ పైన దొర వచ్చినప్పటి తెలుపు,
దొర పోయినప్పటి తెలుపు.
రెండింటికీ నిచ్చెనెక్కింది మా జేజినాయన కుళ్లాయప్పే.
"రెండూ ఒక బట్టీ సున్నమే రా.
పోయిన దినం మాత్రం కూలి తీసుకోలే"
అనేవాడు, పొక్కిన వేళ్లు ఊదుకుంటా.

ఇక్కణ్నుంచి లెక్క తప్పుతుంది.
పచ్చ, నీలం, మళ్లీ పచ్చ,
గులాబీ ఒకటి, ఎవరింటి పెండ్లికో
మునిసిపాలిటీ కండ్లు మూసుకున్నప్పటిది.
ఒకడి రంగు తడారకముందే ఇంకొకడు గెలిచేవాడు.
మా నాయన బకెట్టు కడగడమే మానేసినాడు.

నడుమ సన్నగా ఒండ్రు.
బుగ్గవంక పొంగిన రాత్రిది.
నీళ్లు ఇంత ఎత్తు రాలేదు,
ఇది ఎక్కినోళ్ల కాళ్ల బురద.
తెల్లారేదాకా కమాను నెత్తిన
పదకొండు మంది, ఒక మేక.
నేనూ ఉన్నా, నాయన భుజం మీద.
ఇన్నేళ్లలో అది పనికొచ్చింది
ఆ రాత్రే,
కింద నడిచేందుకు కాదు.

ఎల్లుండి ఎవరో వస్తన్నారంట.
ఏ రంగో ఇంకా చెప్పలేదు.
ముందు గుంత పూడ్చమన్నాడు ఇంజనీరు.
సిమెంటు కలిపి పైకెక్కినా.
లోపల ఇటుక ఎర్రగా, పచ్చిగా ఉంది.
బేల్దార్లు పోయినాక
దాని మీద ఎండ పడడం ఇదే మొదలు.

తాపీ పక్కన పెట్టినా.
మధ్యాన్నం దాకా చూస్తాం.